కుంజరస్నానం: తెరమీది పశ్చాత్తాపం గురించి ఒక అర్చకుని ఆలోచన



ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదన్నది మా ప్రాంతంలో తరతరాలుగా వినవచ్చే మాట. దక్షిణవాహినియైన గోదావరిలో స్నానమాడి, యోగానంద నృసింహస్వామిని సేవించి, అదే ప్రాంగణంలో కొలువైన యమధర్మరాజు సన్నిధిలో గండదీపంలో నూనె పోసి, "ఇంక మాకు భయం లేదు గదా అయ్యగారూ" అని అడిగే భక్తులు నిత్యమూ కనిపిస్తారు. "లేదు" అని చెప్పడం అర్చకునికి అతిసులభం. అనేక సంవత్సరాలు నేనూ అట్లాగే చెప్పాను. ఆ సులభమైన సమాధానం మీద నాకు కలిగిన సందేహమే ఈ వ్యాసానికి హేతువు. ఆ సందేహాన్ని రగిల్చినది ఒక రష్యన్ చలనచిత్రమంటే పాఠకమహాశయులు ఆశ్చర్యపడవచ్చు; నాకూ ఆశ్చర్యమే కలిగింది.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు తన ల్యాప్‌టాప్‌లో ఆ చిత్రాన్ని చూపించాడు. దాని పేరు 'ఒస్త్రోవ్', అనగా ద్వీపం. పావెల్ లుంగిన్ అనే దర్శకుడు 2006లో నిర్మించినది. కథ 1942లో ఆరంభమవుతుంది. మహాయుద్ధకాలంలో జర్మను సైనికులు ఒక బొగ్గుపడవను పట్టుకుంటారు. ప్రాణభీతితో వణికిపోతున్న యువనావికుని చేతికి తుపాకి ఇచ్చి, అతని నాయకుణ్ణి అతని చేతనే కాల్పిస్తారు. నాయకుడు సముద్రంలో పడిపోతాడు. ఒడ్డుకు కొట్టుకువచ్చిన యువకుణ్ణి క్రైస్తవ సన్న్యాసులు కాపాడతారు. తరువాత 1976. ఆ యువకుడే అనతోలీ అనే వృద్ధుడై, ఆశ్రమంలోని కొలిమిగదిలో బొగ్గు మోస్తూ, ఆ బొగ్గుమసిలోనే నిద్రిస్తూ ఉంటాడు. దూరదేశాలనుండి జనులు అతని ఆశీస్సులకై వస్తారు. రోగాలు నయమవుతున్నవి, భవిష్యత్తు తెలుస్తున్నది. కాని తన పాపం పోయిందన్న నమ్మకం మాత్రం అతనికి లేదు. నిత్యమూ చిన్న పడవ వేసుకొని నిర్జనద్వీపానికి పోయి, నేలమీద పడి రోదిస్తాడు. చివరకు పిశాచగ్రస్తురాలైన కుమార్తెను వెంటబెట్టుకొని ఒక నౌకాసేనాధిపతి వస్తాడు. అతడే ఆనాడు కాల్పులకు గురియైన నాయకుడు. గుండు భుజానికి తగిలి బ్రతికిపోయాడు, ఎప్పుడో క్షమించివేశాడు కూడా.

చిత్రం ముగిసిన పిదప మా మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, మన భక్తిసినిమాల్లో ఇట్లాంటి పశ్చాత్తాపం ఎందుకుండదు? మనవాళ్ళు ఒక పాట పాడుతారు, దేవుడు ప్రత్యక్షమవుతాడు, అన్నీ సర్దుకుపోతయి."

వెంటనే ఖండించాలనిపించింది. బాల్యంలో వేదపాఠశాలలో ఉన్నప్పుడు మాకు సినిమా నిషిద్ధం. ఆ నిషేధానికి ఏకైక మినహాయింపు మహాశివరాత్రి జాగరణ. ఆ రాత్రి భక్తిచిత్రమైతే గురువుగారు చూడనిచ్చేవారు. అట్లా చూసినదే 1957నాటి 'పాండురంగ మహాత్మ్యం'. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం. పుండరీకునిగా రామారావుగారు, తండ్రిగా నాగయ్యగారు. కళావతి వ్యామోహంలో పడి తల్లిదండ్రులను దూరం చేసుకున్న పుండరీకుడు, కాళ్ళు కోల్పోయి నేలమీద ప్రాకుతూ, ఘంటసాలగారి గళంలో తల్లిని పిలుస్తూ రోదించే ఘట్టంలో మా వరుసలో కూర్చున్న విద్యార్థులందరూ ఏడ్చారు. సంహితాపాఠంలో ఒక్క స్వరం తప్పినా బెత్తం ఎత్తే మా గురువుగారి కళ్ళు కూడా చెమర్చడం నేను చూశాను.

ఆ చిత్రాన్ని మళ్ళీ తలచుకుంటే, మా మేనల్లుని మాటలో సగమే నిజమున్నది. పాట ఉన్నది, కాళ్ళు తిరిగి రావడమూ ఉన్నది. అయితే అవి ఏ మార్గాన వచ్చాయన్నది గమనించాలి. పుండరీకుడు పాపం చేసినది తల్లిదండ్రుల యెడ. అందుచేత వారిని వెదుకుతూ ప్రాకవలసివచ్చింది. దేవాలయానికి ప్రాకితే సరిపోలేదు. పైగా సాక్షాత్తు కృష్ణపరమాత్మ ద్వారం వద్దకు వచ్చినప్పుడు కూడా, మాతాపితృసేవ పూర్తయ్యేవరకు ఆగమని ఒక ఇటుకను విసరి దానిమీద నిలబెట్టాడు. ఆ ఇటుకమీద స్వామి నేటికీ పండరీపురంలో నిలిచే ఉన్నాడు. అపచారం ఎవరికి జరిగిందో వారి పాదాలు ముందు, పరమాత్మ దర్శనం పిదప. భక్తిచిత్రాలలో ఇంత స్పష్టంగా ఈ క్రమాన్ని చూపినది నాకు మరొకటి జ్ఞాపకం రాదు.

ఆ క్రమం తారుమారైన కథ కూడా పాండురంగ క్షేత్రమాహాత్మ్యంలోనే ఉన్నది. తెనాలి రామకృష్ణకవి 'పాండురంగమాహాత్మ్యము'లోని నిగమశర్మను ఎరుగని తెలుగు సాహిత్యాభిమాని ఉండడు. వేదవేత్తల ఇంట పుట్టి, పిత్రార్జితమంతా దుర్వ్యసనాలకు ధారపోసిన వాడు. తమ్ముణ్ణి బాగుచేయాలని అత్తవారింటినుండి వచ్చి, బుద్ధులు చెప్పి, తలంటి, అన్నం పెట్టిన అక్కగారి నగలను సైతం ఒక రాత్రి మూటగట్టుకొని పారిపోయాడు. జీవితాంతంలో నృసింహస్వామి సన్నిధిలో ప్రాణాలు విడిచినందున విష్ణుదూతలు వచ్చి యమదూతలను వారించి అతనిని తీసుకుపోయారు. నృసింహుడూ యముడూ కలిసిన చోట నిత్యమూ దీపం వెలిగించే నాకు ఆ కథ ఎంత ప్రీతిపాత్రమో చెప్పనక్కరలేదు. యాత్రికులకు ఎన్ని పర్యాయాలు చెప్పి ఉంటానో లెక్క లేదు. కాని ఆ రష్యన్ చిత్రం చూసిన రాత్రి నిద్రపట్టక పడుకొని ఉండగా ఒక ప్రశ్న మనస్సులో మెదిలింది. నిగమశర్మకు మోక్షం వచ్చింది సరే, అక్కగారి ముక్కర మాటేమిటి? ఆమె దానికోసం ఎంత వలవలా ఏడ్చిందో కవి సవిస్తరంగా వర్ణించాడు. అది తిరిగివచ్చినట్లు ఎక్కడా లేదు.

ఇది హాస్యానికి అంటున్నది కాదు. ప్రాయశ్చిత్తకాండను గురుముఖతః చదువుకున్నవాడికి ఈ ప్రశ్న ఆనాడే రావలసింది. మనుస్మృతి ఏకాదశాధ్యాయం పాపవిముక్తికి సాధనాలను చెబుతూ, చేసిన తప్పును నలుగురిలో ప్రకటించడాన్నీ, అనుతాపాన్నీ ముందు పేర్కొని, తపస్సు, అధ్యయనం వాటి వెనుక ఉంచింది. దానాన్ని ఆపత్కాలంలో, అనగా ఇతరసాధనాలు అసాధ్యమైనప్పుడు అనుమతించింది. నేటి ఆచారంలో ఈ క్రమం పూర్తిగా తలక్రిందులైంది. ఆపద్ధర్మమైన దానమే ముఖ్యమైంది, ప్రకటన మాయమైంది. అదే అధ్యాయంలో చౌర్యానికి కృచ్ఛ్రాన్ని విధిస్తూ, అపహరించిన ద్రవ్యాన్ని స్వంతదారునికి తిరిగి అప్పగించిన పిమ్మటనే ఆ వ్రతాన్ని ఆచరించాలన్న నియమం ఉన్నది. ముందు వస్తువు తిరిగి ఇవ్వాలి, తరువాతనే ఉపవాసం. ఇంతకన్న స్పష్టంగా శాస్త్రం ఇంకేమి చెప్పాలి?

ఇక ఆ కృచ్ఛ్రం మాట. ప్రాజాపత్యకృచ్ఛ్రమంటే 12 దినాల వ్రతం. మూడు దినాలు పగలు మాత్రమే భోజనం, మూడు దినాలు రాత్రి మాత్రమే, మూడు దినాలు యాచించకుండా లభించినది, చివరి మూడు దినాలు సంపూర్ణోపవాసం. చాంద్రాయణమైతే చంద్రకళలననుసరించి కబళాలు పెంచుతూ తగ్గిస్తూ మాసమంతా సాగుతుంది. మనస్సు మారడానికి కాలం కావాలని, ఆ కాలాన్ని శరీరం కూడా అనుభవించాలని మహర్షులు ఎరుగుదురు. అశక్తుల కొరకు ప్రత్యామ్నాయాలు కల్పించారు: కృచ్ఛ్రానికి బదులు గోదానం, గోవుకు బదులు దాని మూల్యం, మూల్యానికి బదులు యథాశక్తి హిరణ్యం. ఆ యథాశక్తి హిరణ్యం ఈనాడు ఒక వంద రూపాయల నోటు. పన్నెండు దినాల ఆకలి పన్నెండు క్షణాల సంకల్పమైంది. ఈ మార్పులో లబ్ధి పొందినది మా పౌరోహిత్యవర్గమేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

చలనచిత్రం కూడా ఒక విధంగా ప్రత్యామ్నాయమే. పన్నెండేళ్ళ వేదనను ఒక పాటలో కుదించాలి. అందుచేత దర్శకుడు ఆ కుదింపులో ఏమి వదిలివేశాడు, ఏమి మిగిల్చాడు అన్నదానిని బట్టియే పశ్చాత్తాపచిత్రం విలువ తెలుస్తుంది. ఈ దృష్టితో చూస్తే మన తెలుగువారి చిత్రాలలో అగ్రస్థానం 1947నాటి 'యోగి వేమన'కే ఇవ్వాలంటాను. కె.వి. రెడ్డిగారి దర్శకత్వం, నాగయ్యగారి నటన. వేమన చరిత్రలో ఎంత ఐతిహ్యమో ఎంత వాస్తవమో పండితులు తేల్చుకోవలసినది. చిత్రం ఐతిహ్యాన్నే స్వీకరించింది. మోహనాంగి మోహంలో అన్నగారి ధనాన్ని వెచ్చించిన వేమన, పిమ్మట బంగారం చేసే విద్య వెంట పడతాడు. ఆ ఆరాటంలో ఉండగానే, తాను ప్రాణప్రదంగా చూసుకున్న అన్నగారి చిన్నారి కుమార్తె జ్యోతి మరణిస్తుంది.

ఇక్కడ ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు. ఏ ఋషీ కమండలజలం చల్లి శిశువును బ్రతికించలేదు. భక్తిచిత్రాల మర్యాద ప్రకారం ఒక పాటతో తిరిగి రావలసిన ప్రాణం తిరిగి రాలేదు. ఋణం ఉన్నది, తీర్చుకోవడానికి ఋణదాత లేదు. ఆ స్థితిలో మనిషి ఏమైపోతాడో నాగయ్యగారి ముఖం చూస్తే తెలుస్తుంది. శేషజీవితమంతా లోకానికి ఆ ఋణాన్ని మాటలుగా తీర్చుకోవడం తప్ప వేమనకు వేరు మార్గం లేకపోయింది. అద్భుతం లేకపోవడమే ఈ చిత్రంలోని అద్భుతమని నా అభిప్రాయం. ఆ రష్యన్ చిత్రంలో కూడా చివరకు చచ్చాడనుకున్నవాడు బ్రతికివచ్చాడు; మన వేమనకు ఆ ఊరట సైతం లేదు. మా మేనల్లుడికి ఇదే చెప్పి, ఆ చిత్రం వెదికి చూడమన్నాను. చూశాడో లేదో ఇంకా చెప్పలేదు.

1954లో వచ్చిన 'విప్రనారాయణ' మరొక తీరు. భరణీవారి చిత్రం, నాగేశ్వరరావుగారు విప్రనారాయణుడు, భానుమతిగారు దేవదేవి. శ్రీరంగంలో రంగనాథునికి పూలమాలలు కట్టి సమర్పించే బ్రహ్మచారి దేవదేవి వలలో చిక్కి పతితుడవుతాడు, చివరకు బంగారుపాత్ర దొంగిలించాడన్న అపవాదుకు గురియవుతాడు. ఆ పాత్రను తెచ్చి ఇచ్చినది మారువేషంలో వచ్చిన స్వామియే. ఇందులో నన్ను ఆకర్షించినది విప్రనారాయణుని పశ్చాత్తాపం కన్న దేవదేవి పరివర్తన. పంతం కొరకు ఒక సాధువును పతనం చేయడానికి వచ్చిన స్త్రీ, తాను చేసినదేమిటో అతనికన్న ముందుగా గ్రహిస్తుంది. పాపంలో భాగస్వామికి కూడా ప్రాయశ్చిత్తం ఉన్నదన్న సంగతిని మనవారు సామాన్యంగా పట్టించుకోరు. విప్రనారాయణుడు తరువాత తొండరడిప్పొడి ఆళ్వారుగా, భక్తాంఘ్రిరేణువుగా పూజలందుకున్నాడు. భాగవతుల పాదధూళి అన్న ఆ పేరే ఒక ప్రాయశ్చిత్తం. వారి తిరుమాల ప్రబంధంలో స్వదోషనివేదన ఎంత నిర్దాక్షిణ్యంగా ఉంటుందో అనుసంధించేవారికి తెలుసు. పూర్వచరిత్రను దాచి ఆయనను ఆళ్వారును చేయలేదు మన పెద్దలు.

ఈ తరహా కథలలో ఒక ప్రమాదమున్నది. పాపఘట్టం రసవత్తరం, పశ్చాత్తాపఘట్టం శుష్కం. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి 'చింతామణి' నాటకం వ్రాశారు. బిల్వమంగళుడు లీలాశుకుడైన కథ అది. కాలక్రమంలో జనం బిల్వమంగళుణ్ణి మరచి సుబ్బిశెట్టి హాస్యం కొరకే నాటకానికి వెళ్ళారు. ఆ పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు బాధపడగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకప్రదర్శననే నిషేధించింది. నిషేధం ఉచితమా కాదా అన్న చర్చ నాకు అప్రస్తుతం. పరివర్తన కొరకు పుట్టిన నాటకం పరివర్తన లేకుండానే అంతరించే స్థితికి రావడం మాత్రం విచారకరం.

మా మేనల్లుడు మరునాడు మరొక రష్యన్ చిత్రాన్ని చూపించాడు. అంద్రేయ్ తార్కోవ్‌స్కీ 1966లో తీసిన 'అంద్రేయ్ రుబ్లేవ్'. పదిహేనవ శతాబ్దపు దేవతాచిత్రకారుని చరిత్ర. అతిదీర్ఘం, మధ్యలో నేను ఒకటి రెండుసార్లు కునికిపాట్లు పడ్డానని ఒప్పుకుంటాను. హింసాదృశ్యాలు కొన్ని చూడలేక ముఖం తిప్పుకున్నాను. కాని ఒక ఘట్టం మరువరానిది. 1408లో వ్లదీమిర్ నగరం మీద దాడి జరిగినప్పుడు, మతిస్థిమితం లేని ఒక యువతిని ఎత్తుకుపోతున్న సైనికుణ్ణి రుబ్లేవ్ గొడ్డలితో చంపుతాడు. అనంతరం చిత్రలేఖనాన్ని త్యజించి మౌనవ్రతం పూనుతాడు. ఆ మౌనం 1423–24లో ఒక బాలుడు పెద్ద గంటను పోతపోసి, అది మ్రోగిన పిదప ఆనందమో దుఃఖమో తెలియక బురదలో పడి ఏడుస్తున్నప్పుడు గాని వీడలేదు. అంతకాలం మౌనం!

మన ధర్మశాస్త్రం ప్రకారం ఆతతాయిని వధించినవాడికి దోషం లేదు. స్త్రీరక్షణార్థం చేసిన వధ అది. రుబ్లేవ్ మన పండితసభకు వచ్చి అడిగితే "నీకు ప్రాయశ్చిత్తం అనవసరం" అని పంపివేసి ఉండేవారు. అయినా అతడు శాంతించడు. ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం మన మహాభారతంలో ఉన్నది. ధర్మయుద్ధం చేసి గెలిచిన యుధిష్ఠిరుడు సింహాసనం ఎక్కలేక, అరణ్యాలకు పోతానని శాంతిపర్వారంభంలో పరితపించిన వైనం ఎంత దీర్ఘంగా ఉన్నదో చదివినవారికి తెలుసు. సోదరులు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అందరూ ఓదార్చవలసివచ్చింది. నిర్దోషి అని శాస్త్రం చెప్పినా హృదయం అంగీకరించని స్థితి అది. పరిశుద్ధి కొరకే అశ్వమేధం. నేను చూసిన భారతచిత్రాలలో దుర్యోధనుని తొడ విరగడంతో తెర పడుతుంది. ధర్మరాజు దుఃఖానికి మనవారు రీలు కేటాయించలేదు. తీసి ఉంటే మన 'రుబ్లేవ్' మనకూ ఉండేది.

నామమాహాత్మ్యవాదులు ఇక్కడ అజామిళుణ్ణి ముందుకు తెస్తారు. తీసుకురావలసిందే. కాని ఆ కథను సగం మాత్రమే చెబుతున్నాము. హరికథలలో, యాత్రికులకు చెప్పే ప్రసంగాలలో, నా నోట కూడా, అజామిళుడు చివరి క్షణాన కుమారుణ్ణి "నారాయణా" అని పిలిచి వెంటనే వైకుంఠానికి పోయినట్లు వినిపిస్తుంది. భాగవతం షష్ఠస్కంధం తెరచి చూడండి. విష్ణుదూతలు యమపాశాన్ని త్రెంచారు, అజామిళుడు బ్రతికాడు! 88 ఏళ్ళ వయస్సులో లేచి కూర్చొని, ఇతర గతి లేని వృద్ధులైన తల్లిదండ్రులనూ, పరిణయమాడిన సాధ్వినీ తాను విడిచిపెట్టిన సంగతిని తలచుకొని తలచుకొని విలపించాడు. సర్వమూ వదలి గంగాద్వారానికి పోయి యోగనిష్ఠలో శరీరం చాలించిన పిమ్మటనే ఆ దూతలు తిరిగి వచ్చి తీసుకుపోయారు. నామం అతనికి ఇచ్చినది పశ్చాత్తాపపడడానికి కావలసిన కాలం. ఈ ఉపాఖ్యానానికి పూర్వమే పరీక్షిత్తు ఏమని ప్రశ్నించాడో స్మరించండి. ఒకవైపు పాపం, మరొకవైపు ప్రాయశ్చిత్తం చేస్తూ పోయేవాని శుద్ధి ఏనుగు స్నానం వంటిది కాదా అని. ఏనుగు మడుగులో మునిగి తేలి, గట్టెక్కగానే తొండంతో దుమ్ము తీసి తలమీద చల్లుకుంటుంది. గోదావరి మెట్లమీద నిలబడి నేను ఎన్ని కుంజరస్నానాలు చూశానో!

ఇప్పుడు నా సంగతి చెప్పవలసిన సమయం వచ్చింది.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు. ధర్మపురి రేవుల వద్ద ఇసుక రాలనంత జనం. ఆ సమ్మర్దంలో ఒక పెద్దమనిషి సకుటుంబంగా వచ్చి, "తెలిసో తెలువకో కొన్ని తప్పులు జరిగినయి అయ్యగారూ, అన్నీ పోయేటట్టు చేయుండ్రి" అన్నాడు. ఏ తప్పులని నేను అడగలేదు. వెనుక ఇరవైమంది వేచి ఉన్నారు. సర్వప్రాయశ్చిత్తసంకల్పం చెప్పించాను, కృచ్ఛ్రప్రత్యామ్నాయంగా హిరణ్యం పట్టించాను, మునిగి రమ్మన్నాను. లేచి వచ్చి పాదాలకు నమస్కరించి రూ. 2,116 దక్షిణ ఇచ్చాడు. ముఖంలో నిజంగా ప్రశాంతత కనిపించింది. ఇంటికి పోయేటప్పుడు నాకూ తృప్తిగానే ఉన్నది.

మరుసటి సంవత్సరం మాఘమాసంలో అదే ఇంటిపేరుతో మరొకాయన తండ్రిగారి తిథి పెట్టడానికి వచ్చాడు. గోత్రం, పితామహుల పేర్లు చెబుతుండగానే నాకు జ్ఞాపకం వచ్చి, "మీ అన్నగారు పుష్కరాలకు వచ్చినారు గదా" అన్నాను. పిండప్రదానం పూర్తయ్యేదాకా ఆయన మాట్లాడలేదు. దర్భలు నదిలో వదిలి వచ్చి, తల తుడుచుకుంటూ అడిగాడు: "మా అన్న మీతోని పూజ చేయించుకున్నడా? నా ఎకరం పది గుంటల సంగతి ఏమన్న చెప్పిండా అయ్యగారూ?" తండ్రి పోయిన తరువాత చదువురాని తమ్మునిచేత వ్రేలిముద్ర వేయించుకొని ఆ భూమిని తన పేరున పట్టా చేయించుకున్నాడట. నేను "చెప్పలేదు" అన్నాను. "చెప్తడనుకున్న" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులభంగా ఉండేది.

చౌర్యద్రవ్యాన్ని తిరిగి ఇచ్చిన పిమ్మటనే ప్రాయశ్చిత్తమని చదువుకున్నవాణ్ణి నేను. అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నగారికి భయం పోయింది; భయమే అతనిని తమ్ముని గడపకు నడిపించి ఉండేదేమో, దానిని నేను తొలగించాను. మంత్రంలో లోపం లేదు, స్వరంలో లోపం లేదు. అయినా ఆనాడు నేను చేయించినది కుంజరస్నానమే. ఏడాది తరువాత ఏడాది ఆ తమ్ముడు తిథికి వస్తూనే ఉన్నాడు. నేను మంత్రాలు చెబుతూనే ఉన్నాను.

భద్రాచల రామదాసు కథలోని ఒక సంగతి ఈ సందర్భంలో నాకు పదేపదే గుర్తుకు వస్తున్నది. 1964లో నాగయ్యగారు తీసిన చిత్రంలోనూ, 2006లో వచ్చిన 'శ్రీరామదాసు'లోనూ ఈ ఘట్టం చూసి జనం పరవశించారు. పాల్వంచ తహసీలుదారైన గోపన్న సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించాడు, తానీషా కారాగారంలో పెట్టించాడు. రామలక్ష్మణులు సేవకుల వేషంలో గోల్కొండకు వెళ్ళి తానీషాకు పైకం చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. సర్వశక్తిమంతుడైన రాముడు తానీషా మనస్సు మార్చి బాకీని రద్దు చేయించగలడు. కారాగారద్వారాలు తెరిపించగలడు. చేయలేదు. మొహరీలు లెక్కపెట్టి చెల్లించాడు. ఆలయం కొరకే వెచ్చించినా, పరమభక్తుడే వెచ్చించినా, ఇతరుల సొమ్ము ఇతరుల సొమ్మే. రసీదు లేనిదే విడుదల లేదు!

శరణాగతి చేసినవాని సర్వపాపాలనూ స్వామి హరిస్తాడన్న విషయంలో నాకు రవ్వంత సంశయం లేదు. మా ధర్మపురి శేషప్పకవి నరసింహశతకంలో స్వామిని దురితాలను దూరం చేసేవానిగా పద్యపద్యానా పిలిచాడు. ఆ పద్యాలు కంఠస్థం లేని ఇల్లు ఈ ఊళ్ళో ఒకనాడు లేదు. స్వామి తన విషయంలో జరిగిన అపరాధాన్ని క్షమిస్తాడు. ఎకరం పది గుంటలు మాత్రం స్వామివి కావు, ఆ తమ్మునివి. వాటిని క్షమించే అధికారం తమ్మునికి ఉన్నది. ఆ అధికారాన్ని దక్షిణ పుచ్చుకొని నేను వినియోగించాను.

ఈ కారణం చేతనే ఆ రష్యన్ చిత్రం నన్ను అంతగా కలచినా, ఒక విషయంలో దానితో ఏకీభవించలేను. అనతోలీ 34 సంవత్సరాలు ద్వీపం మీద ఏడ్చాడు. తాను కాల్చినవాని పేరు తెలుసు, అతనికొక ఊరు ఉండి ఉంటుంది, ఎదురుచూసే తల్లో భార్యో ఉండి ఉంటారు. ఒక్క పర్యాయమైనా బయలుదేరి పోయి వారి గడప త్రొక్కి "మీవాణ్ణి కాల్చినది నేనే" అని చెప్పలేదు. వెళ్ళి ఉంటే అతడు బ్రతికే ఉన్నాడన్న సంగతి ఎంత ముందుగా తెలిసేదో! ఏకాంతంలో దేవుని ఎదుట ఎంత ఏడ్చినా, నలుగురిలో చెప్పే ఒక్క వాక్యానికి అది సమానం కాదేమో. మనువు ప్రకటనను ప్రప్రథమంగా ఉంచడంలో ఆంతర్యం నాకు ఆ చిత్రం చూసిన పిదపనే బోధపడింది. ఇది చెబితే మా మేనల్లుడు, "మామయ్యా, వెళితే సినిమా అరగంటలో అయిపోయేది గదా" అన్నాడు. కుర్రవాడు, అంతకన్న ఏమంటాడు.

మాఘం రాకముందే, ఒకనాడు నిత్యార్చన ముగించుకొని ఆ అన్నగారి ఊరికి బస్సులో వెళ్ళాను. ఆదరంగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. వచ్చిన పని చెప్పాను. "ఆనాడు నేను చేయించిన ప్రాయశ్చిత్తం అసంపూర్ణం. అడగవలసినది అడగకుండా చేయించాను. దోషం నాది. మీ దక్షిణ ఇదుగో" అని రూ. 2,116 ఆయన ఎదుట ఉంచాను. ఆయన చాలాసేపు వాకిట్లోని చింతచెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇప్పుడదంతా ఎందుకు అయ్యగారూ, రిజిస్ట్రేషన్ అయి పదేండ్లు దాటింది. పిల్లల పేరుమీదికి మారింది" అన్నాడు. పైకం ముట్టుకోలేదు. నేను లేచినప్పుడు బస్‌స్టాండు దాకా తానే బండిమీద దిగబెట్టాడు. దారిలో ఇద్దరమూ మాట్లాడలేదు. దిగిన తరువాత, "వాడు ఈసారి తిథికి ఎన్నడొస్తడు?" అని మాత్రం అడిగాడు. తిథి చెప్పాను.

ఆ నోట్లు నా సంహితాగ్రంథం పుటల మధ్య ఉన్నాయి. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. సంకల్పానికి కూర్చున్నవారిని ఈమధ్య ముందుగా ఒక మాట అడుగుతున్నాను, ఎవరికైనా ఏదైనా తిరిగి ఇవ్వవలసినది ఉన్నదా అని. కొందరు నవ్వుతారు. కొందరు ప్రక్కనున్న అర్చకుని వద్దకు జరుగుతారు. మొన్న ఒకాయన తడిబట్టలతోనే మెట్లమీద కూర్చొని ఎవరికో ఫోను చేస్తూ చాలాసేపు ఉండిపోయాడు.